సైన్సు చదువూ క్రైస్తవ విశ్వాసమూ

క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినవారికీ, యౌవనంలో విశ్వాసంలోకి వచ్చినవారికీ సైన్సు లోతుగా చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. ఆ ప్రశ్నలు ఎక్కడ పుట్టాయి, వాటిని మోసినవారు ఎలా మోశారు అన్నది ఈ వ్యాస విషయం. పదిహేడో శతాబ్దపు ఐరోపాలో ఆధునిక విజ్ఞానానికి పునాది వేసినవారిలో ఎక్కువమంది క్రైస్తవులే. అందువల్ల ఈ ప్రశ్నల్లో చాలావాటిని మొదట వేసుకున్నది విశ్వాసులే.

అన్ని శాస్త్రాలూ ఈ విషయంలో ఒక్క తీరుగా ఉండవు. రసాయన శాస్త్రమో ఇంజనీరింగో చదివేవారికి పాఠ్యపుస్తకంలో విశ్వాసానికి అడ్డు తగిలేది పెద్దగా కనిపించదు. జీవశాస్త్రం, భూగర్భ శాస్త్రం, విశ్వం పుట్టుక గురించిన శాస్త్రం, మెదడు గురించిన చదువు మాత్రం బైబిలు మాట్లాడే చోటికే వచ్చి మాట్లాడతాయి. సృష్టి జరిగిన ఆరు దినాలు, ఆదాము, జలప్రళయం, అద్భుతాలు, ఆత్మ: తగాదా ఎప్పుడు వచ్చినా వీటి దగ్గరే. తెలుగు బైబిలు చదివేవారికి ఇంకో చిక్కు ఉంది. హీబ్రూలో ‘యోమ్’ అన్న మాటకు పగలు, రోజు, ఒక కాలం అని సందర్భాన్ని బట్టి అర్థాలున్నాయి. తెలుగులో ‘దినము’ అని చదివినవాడికి క్యాలెండరులోని రోజే కళ్లముందు నిలుస్తుంది. సండే స్కూల్లో బొమ్మలతో నేర్చుకున్న ఆ ఆరు దినాలనూ, బైపీసీ పుస్తకంలోని కోట్ల సంవత్సరాల లెక్కనూ ఒకే వారంలో చదవవలసిన పిల్లల దగ్గర ఈ చరిత్ర మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

తొలి చదువరులు

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను ఐదో శతాబ్దం తొలి ఏళ్లలో ఆదికాండము మీద పెద్ద వ్యాఖ్యానం రాశాడు. సూర్యుడు నాలుగో దినాన పుడితే మొదటి మూడు దినాలను దేనితో కొలిచారన్న చిక్కును ఆయన దాటవేయలేదు. అవి మనం లెక్కపెట్టే రోజులు కాకపోవచ్చునని ఆలోచించాడు. అదే పుస్తకంలో తోటి విశ్వాసులను గట్టిగా మందలించాడు కూడా. ఆకాశం, నక్షత్రాలు, జంతువుల సంగతులు బాగా తెలిసిన అన్యుల ముందు లేఖనం పేరు చెప్పి తెలిసీ తెలియని మాటలు మాట్లాడితే, వారు పునరుత్థానం గురించిన మాటను మాత్రం ఎందుకు నమ్ముతారని ఆయన బాధ. డార్వినుకు దాదాపు పద్నాలుగున్నర శతాబ్దాల ముందటి మాట ఇది. ఈ చిక్కంతా డార్విను తెచ్చిపెట్టిందే అనుకునే పాఠకులు ముందుగా చూడవలసింది అగస్టీనునే.

యోహానెస్ కెప్లర్ సువార్త సేవ చేయాలని ట్యూబింగెన్‌లో వేదాంతం చదివాడు. చదువు ముగియకముందే 1594లో గ్రాజ్ పట్టణానికి లెక్కల మాస్టారుగా పంపారు. సేవ చేజారిపోయిందని మొదట దిగులుపడ్డాడు. మరుసటి ఏడాది గురువు మేస్ట్లిన్‌కు రాసిన ఉత్తరంలో, తన ఖగోళ శాస్త్రం ద్వారా కూడా దేవునికి మహిమ కలుగుతోందని సంతోషపడ్డాడు. గ్రహాల లెక్కలు ఆయన విశ్వాసాన్ని ఎన్నడూ కదిలించలేదు. దెబ్బ సంఘం వైపునుంచి తగిలింది. లూథరన్ సంఘపు విశ్వాస ప్రమాణ పత్రం మీద మనసొప్పక సంతకం పెట్టనన్నందుకు 1612లో లింజ్ పట్టణంలో ఆయన్ను ప్రభువు బల్లకు రానివ్వలేదు. అయినా ఆయన లూథరన్‌గానే ఉండిపోయాడు. కేథలిక్కుగా మారితే కొలువులు సులభంగా దొరికే రోజులవి.

గెలీలియో కథ అందరికీ తెలిసిందే. 1633లో రోము విచారణ సభ ఆయన్ను దోషిగా తేల్చింది. 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఆ తీర్పు వెనుక వేదాంతులు చేసిన పొరపాటును బహిరంగంగా ఒప్పుకున్నాడు. తక్కువమందికి తెలిసిన సంగతి ఒకటుంది. 1615లో క్రిస్టీనా అనే రాజవంశ స్త్రీకి రాసిన సుదీర్ఘ లేఖలో గెలీలియో తన పక్షాన సాక్షిగా పిలిచినది అగస్టీనునే. విశ్వాసాన్ని వదులుకోవాలన్న ఆలోచన ఆ లేఖలో ఎక్కడా లేదు. లేఖనాన్ని ఎలా చదవాలన్నదే అందులోని తర్కం.

రాళ్లు చదివిన పాస్టర్లు

ఐర్లండులోని ఆర్మా ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో బైబిలు వంశావళులను లెక్కగట్టి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని తేల్చాడు. తరువాత ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో ఆ లెక్కలు అచ్చుకావడంతో, అవి కూడా వాక్యంలో భాగమేనన్నంత గౌరవం వాటికి వచ్చింది.

ఆ లెక్క తప్పని తేల్చినవారిలో ఆంగ్లికన్ గురువులే ముందున్నారు. ఆక్స్‌ఫర్డులో భూగర్భ శాస్త్రం చెప్పిన విలియం బక్లండ్, కేంబ్రిడ్జిలో చెప్పిన ఆడమ్ సెడ్జ్‌విక్, ఇద్దరూ గురుపట్టం పొందినవారే. నేల పైపొరల్లో కనిపించే గులకరాళ్ల మేటలు నోవహు కాలపు జలప్రళయానికి ఆనవాళ్లని ఇద్దరూ మొదట నమ్మారు. ఊరూరా తిరిగి చూసిన కొద్దీ ఆ మేటలు ఒకే వరదతో వచ్చినవి కావని తేలింది. 1831లో లండను భూగర్భ శాస్త్ర సంఘ అధ్యక్ష పదవినుంచి దిగుతూ సెడ్జ్‌విక్ తన పాత అభిప్రాయాన్ని సభాముఖంగా వెనక్కి తీసుకున్నాడు. చనిపోయేదాకా ఆయన గురువుగానే ఉన్నాడు. డార్విను సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు కూడా. భూమి ఎంతో ప్రాచీనమైనదన్న భావన డార్విను పుస్తకం ‘జాతుల పుట్టుక’ వెలువడడానికి పాతికేళ్ల ముందే ఆదివారాలు ప్రసంగ వేదిక ఎక్కే మనుషుల చేతుల్లో స్థిరపడింది. ఈ వ్యాసకర్త దృష్టిలో సంఘాల్లో పిల్లలకు చెప్పవలసిన కథల్లో ఇది ముఖ్యమైనది. చెప్పడం మాత్రం అరుదు.

సముద్ర జీవుల పరిశోధకుడు ఫిలిప్ హెన్రీ గాస్ 1857లో మరో దారి వెతికాడు. ఆయన ప్లిమత్ బ్రదరెన్ సంఘస్థుడు. ఆదాము తల్లి కడుపున పుట్టకపోయినా బొడ్డుతో సృష్టించబడినట్టే, భూమి కూడా అప్పటికే గతం ఉన్నట్టుగా, శిలాజాలతో సహా సృష్టించబడిందన్నాడు. రెండు వైపులా సమాధానం దొరికిందని ఆయన ఎంతో ఆశపడ్డాడు. రెండు వైపులవారూ తోసిపుచ్చారు. దేవుడు రాళ్ల మీద అబద్ధం రాశాడని తాను నమ్మలేనని ఆయన మిత్రుడు, ఆంగ్లికన్ గురువు చార్లెస్ కింగ్స్‌లీ జవాబిచ్చాడు. అర్ధశతాబ్దం తరువాత, 1907లో, గాస్ కుమారుడు ఎడ్మండ్ తన తండ్రి గురించి, తాను ఆ విశ్వాసంనుంచి వైదొలగిన తీరు గురించి రాసిన పుస్తకం ఇంగ్లీషు సాహిత్యంలో నిలిచిపోయింది. మంచి శాస్త్రజ్ఞుడూ ప్రేమగల తండ్రీ అయిన మనిషి కొడుకును ఎందుకు నిలుపుకోలేకపోయాడో తెలుసుకోవాలంటే ఆ పుస్తకం చదవాలి.

భూమి వయసు కొన్ని వేల సంవత్సరాలేనన్న వాదం మళ్లీ బలపడింది ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో. సెవెంత్‌డే అడ్వెంటిస్టు రచయిత జార్జ్ మెక్రెడీ ప్రైస్ 1923లో రాసిన పుస్తకం దానికి దారి వేసింది. 1961లో జాన్ విట్‌కమ్, హెన్రీ మోరిస్ కలిసి రాసిన జలప్రళయ గ్రంథం దాన్ని ఉద్యమంగా మార్చింది. ఆ వాదనలు తెలుగు ప్రసంగాల్లోనూ వినిపిస్తాయి. వినేవారు వాటిని అపొస్తలుల కాలంనుంచి వస్తున్న బోధ అనుకుంటారు గాని, ఆ రూపంలో వాటి వయసు నూరేళ్లే.

డార్విను, గ్రే

చార్లెస్ డార్విను కూడా చర్చి గురువు కావడానికే కేంబ్రిడ్జిలో చేరాడు. విశ్వాసం ఆయన్ను ఒక్క రోజులో విడిచిపోలేదు. 1851లో పదేళ్ల కూతురు ఆనీ మాల్వర్న్ పట్టణంలో జబ్బుతో చనిపోయింది. తండ్రి పక్కనే ఉన్నాడు. ఆయనలో మిగిలిన క్రైస్తవ విశ్వాసానికి ఆ మరణం చివరి దెబ్బ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

హార్వర్డులో వృక్షశాస్త్రం బోధించిన ఆసా గ్రే ప్రెస్బిటేరియన్ విశ్వాసి. ‘జాతుల పుట్టుక’ వెలువడడానికి రెండేళ్ల ముందే, 1857లో, డార్విను తన సిద్ధాంతాన్ని ఆయనకు ఉత్తరంలో వివరించాడు. అమెరికాలో ఆ పుస్తకం తరఫున అందరికంటే గట్టిగా వాదించిన మనిషీ ఆయనే. ప్రకృతి వరణం దేవుని సంకల్పాన్ని కొట్టివేయదని గ్రే 1860లో పత్రికా వ్యాసాలు రాస్తే, వాటిని చిన్న పుస్తకంగా వేయడానికి అయిన ఖర్చులో డార్విను పాలు పంచుకుని, ఇంగ్లండులో తానే పంచిపెట్టాడు.

వాళ్లిద్దరూ విడిపోయిన చోటు కోతి దగ్గరో ఆదాము దగ్గరో లేదు. 1860 మే నెలలో గ్రేకు రాసిన ఉత్తరంలో డార్విను ఒక రకం పరాన్నజీవి కందిరీగలను చూపించాడు. అవి గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ పురుగును బతికుండగానే లోపలినుంచి తింటూ పెరుగుతాయి. మంచివాడైన దేవుడు ఇలాంటిదాన్ని కావాలని చేశాడని నన్ను నేను ఒప్పించుకోలేకపోతున్నానని దాని సారాంశం. (పంట పురుగుల నివారణకు వ్యవసాయ శాఖవారు మన రైతులకు చెప్పే బదనికలు ఈ కోవవే.) గ్రే దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. జీవుల్లో వచ్చే మార్పులను దేవుడు మేలైన దారుల్లో నడిపిస్తున్నాడని ఆయన నమ్మకం. దాన్ని డార్విను 1868లో అచ్చులోనే కాదన్నాడు. స్నేహం చెడలేదు.

ఈ ఉత్తరాలు చదివితే ఒకటి స్పష్టమవుతుంది. భూమి వయసు గురించిన ప్రశ్నకు విశ్వాసి లేఖనాన్ని చదివే పద్ధతి మార్చుకుని జవాబు చెప్పుకోవచ్చు. నొప్పి గురించిన ప్రశ్నకు అలాంటి దారి లేదు. అది సైన్సుకంటే పాతది, యోబు గ్రంథమంత పాతది. సైన్సు దాన్ని కొన్ని కోట్ల ఏళ్ల వెనక్కి, ప్రాణి అన్నదాని పొడుగునా సాగదీసి చూపించింది.

ప్రయోగశాలలో విశ్వాసులు

కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే శాండిమేనియన్లనే చిన్న సంఘంలో సభ్యుడు. ధనం కూడబెట్టరాదని, లేఖనాన్ని ఉన్నదున్నట్టు పాటించాలని ఆ సంఘపు కట్టడి. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టిన మనిషి 1840లో ఆ సంఘానికి పెద్ద అయ్యాడు. 1844లో సంఘం ఆయన్ను కొన్ని వారాలపాటు వెలివేసింది. దేశమంతా గౌరవించే శాస్త్రజ్ఞుడు తలవంచి నిలబడి మళ్లీ చేరాడు. 1860లో మళ్లీ పెద్దగా ఎన్నికయ్యాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నాడు. ప్రయోగాలను దేవుని ఉనికికి రుజువులుగా ఆయన వాడుకోలేదు. సృష్టికర్త ఒక్కడే గనుక ప్రకృతిలోని శక్తులన్నీ ఎక్కడో ఒక్కటవుతాయన్న నమ్మకం మాత్రం ఆయన వెతుకులాటకు ఊపిరి పోసింది.

ఫారడే భావనలకు సమీకరణాలు రాసిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ కూడా గాఢమైన విశ్వాసి. సైన్సుకూ లేఖనానికీ పొత్తు కుదర్చడానికి లండనులో వెలసిన విక్టోరియా ఇన్‌స్టిట్యూట్ తమలో చేరమని 1875లో పిలిస్తే ఆయన నిరాకరించాడు. క్రైస్తవుడైన శాస్త్రజ్ఞుడు తన మట్టుకు ఈ రెంటినీ కలుపుకుని ఆలోచించవలసిందేగాని, వచ్చిన సమాధానం అతనికే, అదీ కొంతకాలానికే పనికొస్తుందని, దానిమీద ఏ సంస్థా ముద్ర వేయకూడదని ఆయన భావం. సైన్సు మారుతూ పోతుంది. నేటి సైన్సుకు గట్టిగా అతికించిన విశ్వాసం రేపు దానితోపాటే ఊడిపోతుంది. కేంబ్రిడ్జిలో ఆయన నెలకొల్పిన కావెండిష్ ప్రయోగశాల తలుపుల మీద 111వ కీర్తన రెండో వచనం లాటిన్‌లో చెక్కి ఉంది. 1970లలో ప్రయోగశాల కొత్త చోటికి మారినప్పుడు అదే వచనాన్ని ఇంగ్లీషులో పెట్టారు.

బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన గ్రెగర్ మెండెల్ బ్ర్నో పట్టణంలో అగస్టీనియన్ మఠవాసి. 1868లో ఆ మఠానికి అధిపతి అయ్యాక పాలనా బాధ్యతలు, పన్నుల గొడవలు మీదపడి పరిశోధన సన్నగిల్లింది. ఆయన పనిని లోకం గుర్తించింది 1900లో, పోయిన పదహారేళ్లకు.

లెమేత్ర్

సైన్సునూ విశ్వాసాన్నీ కలగలపకుండా అందరికంటే నిలకడగా నడిచిన మనిషి బెల్జియం దేశపు జార్జ్ లెమేత్ర్ (1894–1966). మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చి, గణితం, భౌతిక శాస్త్రం చదివి, 1923లో కేథలిక్ ఫాదరుగా అభిషేకం పొందాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. లెక్కలు సరే గాని భౌతిక శాస్త్రంగా తనకు మింగుడుపడడం లేదని ఐన్‌స్టైన్ ముఖం మీదే చెప్పాడు. 1931లో లెమేత్ర్ ఇంకో అడుగు వేసి, విశ్వమంతా ఒకప్పుడు ఒక్క ఆదిమ పరమాణువని ‘నేచర్’ పత్రికలో చిన్న లేఖ రాశాడు. మహా విస్ఫోటన సిద్ధాంతానికి మొదటి రూపం అదే.

ఆ లేఖ టైపు ప్రతి చివర, దేవుడు మరుగై ఉన్నాడనీ, భౌతిక శాస్త్రం సృష్టికి తెర వేయడం చూసి విశ్వాసి సంతోషించవచ్చుననీ అర్థం వచ్చే పేరా ఉంది. అచ్చుకు పంపకముందు దాన్ని కొట్టేశాడు. ఆ కొట్టివేతలో లెమేత్ర్ పద్ధతి అంతా ఉంది. 1951 నవంబరు 22న పన్నెండవ పయస్ పోపు, ఆధునిక ఖగోళ శాస్త్రం సృష్టికర్త వైపు వేలు చూపుతోందని ప్రసంగించాడు. మరొక ఫాదరైతే పొంగిపోయేవాడే. లెమేత్ర్ కలవరపడ్డాడు. తన సిద్ధాంతం తప్పని తేలవచ్చు. తేలితే దానిమీద నిలబెట్టిన విశ్వాసం ఏమైపోతుంది? నాస్తికుడు, విశ్వాసి ఇద్దరూ సమంగా తూచగలిగినదే సైన్సు గదా? పోపు సలహాదారులతో మాట్లాడాడు. 1952లో రోములో ఖగోళ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభలో పోపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1966 జూన్‌లో చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, మహా విస్ఫోటనపు అవశేషమైన సూక్ష్మతరంగ వికిరణం దొరికిందన్న వార్త మంచం మీదున్న లెమేత్ర్‌కు చేరింది.

లెమేత్ర్ భయపడిన పొరపాటుకు ‘ఖాళీల దేవుడు’ అని పేరు. సైన్సు ఇంకా వివరించలేని చోటల్లా దేవుణ్ణి నిలబెట్టడం, వివరణ దొరకగానే ఆయన్ను ఇంకో ఖాళీలోకి జరపడం. గ్రహాల గతులు చెదరకుండా దేవుడు అప్పుడప్పుడు సరిచేస్తాడని న్యూటన్ అనుకున్నాడు. శతాబ్దం గడిచేసరికి గణితజ్ఞుడు లాప్లాస్ లెక్కల్లో ఆ అవసరం లేకుండా పోయింది. హిట్లరు చెరలో ఉన్న లూథరన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ 1944లో రాసిన ఉత్తరంలో, మనకు తెలియనిదానిలో కాక తెలిసినదానిలో దేవుణ్ణి వెతకాలన్నాడు. ఆక్స్‌ఫర్డు గణితాచార్యుడు, మెథడిస్టు ప్రసంగీకుడు చార్లెస్ కౌల్సన్ 1955లో దీన్నే పుస్తకంగా విడమరిచాడు.

మన కాలపు విద్యార్థులు

ఒకే ప్రశ్న ముందు ఇద్దరు విద్యార్థులు రెండు దారులు పట్టిన కథలు పక్కపక్కన పెట్టి చూడదగినవి. అమెరికాకు చెందిన కర్ట్ వైజ్ హైస్కూల్లో ఉండగా, పరిణామ సిద్ధాంతం నిజమైతే బైబిల్లో ఏ వచనాలు పోవాలో చూద్దామని కత్తెర పట్టుకుని ఒక్కొక్కటే కత్తిరించాడు. నెలల తరబడి కత్తిరించాక మిగిలిన పుస్తకం చేతిలో నిలవలేదు. ఆ రాత్రే లేఖనం వైపు నిర్ణయించుకున్నానని ఆయనే రాశాడు. తరువాత హార్వర్డులో స్టీఫెన్ జే గౌల్డ్ దగ్గర శిలాజ శాస్త్రంలో డాక్టరేటు పొందినా, భూమి చిన్న వయసుదేనన్న నమ్మకం మార్చుకోలేదు. మేరీ ష్వైట్జర్ అదే నమ్మకంతో మోంటానాలో శిలాజాల తరగతిలో కూర్చుంది. సాక్ష్యాలు చూశాక భూమి వయసు గురించి మనసు మార్చుకుంది. విశ్వాసం వదల్లేదు. దాదాపు 6.8 కోట్ల ఏళ్లనాటి టిరానోసారస్ ఎముకలో మెత్తని కణజాలం ఆనవాళ్లున్నాయని 2005లో ఆమె బృందం ప్రకటించింది. భూమి వయసు వేల ఏళ్లేననే ప్రచారకులు ఆమె పరిశోధననే తమ రుజువుగా చూపడం ఆమెను ఎంతో నొప్పించింది.

వైజ్ నిజాయితీని ఈ వ్యాసకర్త గౌరవిస్తాడు. అయితే ఆ కత్తెరను అతని చేతికిచ్చినది డార్విను కాదు. ప్రతి వచనాన్నీ సైన్సు వాక్యంలాగే చదవాలి, ఒక్కటి కదిలితే అన్నీ పోతాయన్న బోధ ఇచ్చింది.

ఫ్రాన్సిస్ కాలిన్స్ ఎదురు దిక్కునుంచి వచ్చాడు. నాస్తికుడిగా వైద్యం చదువుతుండగా, మంచాన ఉన్న రోగి ఒకామె తన విశ్వాసం గురించి చెప్పి, నువ్వేం నమ్ముతావని అడిగింది. జవాబు లేక వెతుకులాట మొదలుపెట్టి 27వ ఏట క్రైస్తవుడయ్యాడు. మానవ జీనోమ్ ప్రాజెక్టును నడిపించి, 2006లో తన విశ్వాసం గురించి పుస్తకం రాశాడు.

లెక్కల సంగతికొస్తే, ప్రార్థన వినే దేవుణ్ణి నమ్ముతారా అని అమెరికా శాస్త్రజ్ఞులను జేమ్స్ లూబా 1914లో అడిగితే ఇంచుమించు 40 శాతం నమ్ముతామన్నారు. 1996లో అదే ప్రశ్న వేస్తే మళ్లీ ఇంచుమించు 40 శాతమే. జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యుల్లో మాత్రం 1998లో 7 శాతం. ఈ అంకెలతో ఇరుపక్షాలూ వాదిస్తాయి. చదువు విశ్వాసాన్ని చంపిందా, విశ్వాసం లేనివారే ఆ చదువుల వైపు ఎక్కువగా వెళ్లారా అన్నది అంకెలు చెప్పవు.

తెలుగు నేలపై

తెలుగు క్రైస్తవుల అనుభవం ఐరోపావారికి నకలు కాదు. ఇక్కడ చాలా కుటుంబాలకు బైబిలు, బడి, ఆస్పత్రి ఒకే తరంలో, ఒకే ఆవరణలోంచి వచ్చాయి. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. గుంటూరులో లూథరన్ల బడి పెరిగి ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న మాదిగ కుటుంబాలకు పని చూపించడానికి ఆ విద్యే అక్కరకొచ్చింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచింది. బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు పలక పట్టించిన విశ్వాసమూ, మలేరియాకు క్వినైను ఇచ్చిన విశ్వాసమూ ఒక్కటే అయినప్పుడు, సైన్సు విశ్వాసానికి శత్రువన్న మాట ఆ ఇళ్లలో సహజంగా పుట్టదు. అది తరువాత దిగుమతి అయింది.

ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు విశాఖ, హైదరాబాదు దాటి అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. ఊళ్లో సంఘం, యూత్ మీటింగు, అమ్మ ప్రార్థన అన్నీ వెనకబడి, హాస్టలు గదిలో ఒక్కడే మిగిలినప్పుడు మొదటి సందేహం వస్తుంది. 1954లో ఏర్పడిన యూఈఎస్‌ఐ వంటి విద్యార్థి సహవాసాలు ఎందరినో ఆ సమయంలో ఆదుకున్నాయి. ఇంటికి ఫోన్ చేసి సందేహం చెబితే “ప్రార్థన చేసుకో నాన్నా” అన్న జవాబు ప్రేమతోనే వస్తుంది. అడిగినవాడు మాత్రం ఇంకెప్పుడూ అడగడు. ఇలా నోరు మూసుకున్న పిల్లలు వాదనలో ఓడి సంఘం విడిచినవారి లెక్కలోకి రారు. ఆదివారం వస్తూనే ఉంటారు, పాటలు పాడుతూనే ఉంటారు. ఈ వ్యాసకర్తకు అన్నిటికంటే బాధ కలిగించేది వారి మౌనమే.

వైద్యం చదివేవారి పరీక్ష ఇంకో రకం. రోగిని వెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లేముందు పాస్టరు చేత ప్రార్థన చేయించి, నూనె రాయించి, వెళ్లాక డాక్టరు రాసిన మందులు వేళ తప్పకుండా వేసే కుటుంబాలు మనవి. స్వస్థత వస్తే సాక్ష్యం చెబుతారు, డాక్టరుకూ దండం పెడతారు. రాకపోయినప్పుడు ఆ వార్డులో డ్యూటీలో ఉన్న విశ్వాసియైన హౌస్‌సర్జను ముందు నిలిచే ప్రశ్న, 1851లో మాల్వర్న్‌లో కూతురి మంచం పక్కన కూర్చున్న తండ్రి అడిగినదే.